పాఠకుల ప్రశ్నలు: కొలంబస్ రాకకు ముందటి అమెరికా శిలలు

గత సంచికలో మెక్సికో దేశపు ప్రాచీన ప్రజలైన ఓల్మెక్‌ల శిలాశిరస్సు ఫోటో ఒకటి, దాని కింద నాలుగు వాక్యాల వివరణ ప్రచురించాము. ఆ నాలుగు వాక్యాలు చాలలేదంటూ కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల పాఠకులు ఉత్తరాలు రాశారు. అన్నింటికీ జవాబు చెప్పడానికి పేజీలు చాలవు కనుక, ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, శిల్పాల వెనక ఉన్న క్రతువులను గురించి అడిగినవాటికి ముందుపీట వేశాను. ఎక్కువమంది అడిగిన ప్రశ్న "ఇది ఏ దేవుడి విగ్రహం?" అని. ఆ రాతిని ఎక్కడ నిలబెట్టారు, దానికి ఏమి సమర్పించారు, చివరికి దాన్ని ఏం చేశారు అని అడిగితే తవ్వకాలు ఇంకా మంచి జవాబులు చెబుతాయి. కింది సమాధానాలు ఎక్కువగా ఆ దారినే పోతాయి.

ప్రశ్న: మాది తరతరాలుగా విగ్రహాలు చెక్కే కుటుంబం. ఇనుప ఉలి లేకుండా అంత గట్టి నల్లరాతిని వాళ్లు ఎలా చెక్కారు? ఆ తలలు రాజులవా, దేవుళ్లవా?
– ఒక శిల్పి, ఆళ్లగడ్డ

ఓల్మెక్ ప్రజలకు ఇనుమూ తెలియదు, కంచూ తెలియదు. చెక్కవలసిన రాతికంటే గట్టి రాతిని సుత్తెగా పట్టి, దెబ్బ మీద దెబ్బ వేసి పొడి రాల్చడం, ఆ తరువాత ఇసుకా నీళ్లూ చల్లి మరో రాతితో రుద్ది నునుపు తేల్చడం, ఇవే వారి పనిలోని ముఖ్యమైన మెట్లు. ఉలితో పెచ్చు లేపే వీలు లేదు కనుకనే ఆ ముఖాలలో పదునైన అంచులకంటే గుండ్రని ఉబ్బులు ఎక్కువగా కనిపిస్తాయని నా అభిప్రాయం. కళా విమర్శకులు దాన్ని శైలి అంటారు. రాయి కొట్టే మీవంటి వారికి అందులో పనిముట్టు స్వభావం కూడా తెలుస్తుంది.

ఇప్పటివరకు దొరికిన మహాశిరస్సులు 17. ఓల్మెక్‌ల ఊళ్లలో, 10 శాన్ లొరెంజోలో, 4 లా వెంటాలో, మిగిలినవి త్రెస్ సపోతెస్ పరిసరాలలో బయటపడ్డాయి. చిన్నది మీటరున్నర ఎత్తు, పెద్దది మూడు మీటర్లకు పైన. బరువు 6 టన్నుల నుంచి సుమారు 50 టన్నుల దాకా ఉంటుంది. రాయి తుష్ట్లా కొండలలోని అగ్నిపర్వత శిల. అక్కడి నుంచి శాన్ లొరెంజోకు 60 కిలోమీటర్లకు పైగా దూరం, నడుమ అంతా చిత్తడి నేల. బండి చక్రం లేదు, కాడికి కట్టడానికి ఎద్దు లేదు. క్రీస్తుపూర్వం 900కు ముందే ఇటువంటి రాళ్లను అంత దూరం చేర్చారంటే, అంతమంది మనుషులను ఒక మాట మీద కదిలించగల అధికారం ఆ ఊరిలో ఉన్నదని అర్థం. కాబట్టి రాయి నిలబడకముందే, దాన్ని లాక్కురావడంతోనే ఏలిక మహిమ లోకానికి తెలిసిపోయేది.

ఇక ఆ ముఖాలు ఎవరివి? ఏ రెండూ ఒకే పోలికలో లేవు; ఒక్కొక్క తలపాగా మీద ఒక్కొక్క గుర్తు ఉంది. అందువల్ల అవి దేవతారూపాలు కావు, ఏలికల ప్రతిమలే అని పండితులు దాదాపు ఏకాభిప్రాయానికి వచ్చారు. మీకు మరింత నచ్చే సంగతి ఒకటి ఉంది. ఓల్మెక్ ఊళ్లలో బల్లవంటి పెద్ద రాతి దిమ్మెలు దొరికాయి. వాటి ముందరి ముఖంలో గూడు, ఆ గూటిలోనుంచి బయటికి వస్తున్న మనిషి కనిపిస్తారు. మొదట వీటిని బలిపీఠాలు అనుకున్నారు. గెరెరో రాష్ట్రంలోని ఓష్టొటిట్లాన్ గుహ ముఖాన ఉన్న చిత్రంలో ఇటువంటి దిమ్మె మీద కూర్చున్న ఏలిక కనిపించడంతో, ఇవి సింహాసనాలని పురాతత్వవేత్త డేవిడ్ గ్రోవ్ 1970లలో వాదించాడు, ఆ వాదమే నిలిచింది. గూడు గుహకు గుర్తు. గుహ పాతాళానికి, పూర్వీకులకు, నీటికి వాకిలి. శాన్ లొరెంజోలోని కొన్ని శిరస్సుల పక్కభాగాన అటువంటి గూటి ఆనవాళ్లు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. అంటే ఒకనాటి సింహాసనాన్నే తరువాత తలగా మలిచారన్నమాట. బతికినన్నాళ్లు ఏలిక కూర్చున్న రాయి, ఆయన పోయాక ఆయన ముఖమే అయిందని ఊహించడానికి ఇక్కడ గట్టి ఆధారం ఉంది. రాయి దొరకక ఇలా చేశారనేవారూ ఉన్నారు. ఆ వాదన నాకు సగమే నచ్చుతుంది. పొదుపు కోసమే అయితే ప్రతిమకు బదులు మరేదైనా చేసుకోవచ్చు కదా.

ప్రశ్న: ఆ శిల్పాలలో చాలావాటికి తల లేదు, ముక్కు లేదు, ఒంటినిండా గుంటలు ఉన్నాయి. ఇదంతా స్పెయిన్ వాళ్లు చేసిన విధ్వంసమేనా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

కాదు. ఓల్మెక్ శిలలు విరిగిన కాలానికి స్పెయిన్ అనే దేశమే లేదు. శాన్ లొరెంజోలో తలలు నరికిన విగ్రహాలు, గుంటలు తొలిచిన శిరస్సులు బయటపడినప్పుడు, పరిశోధకులు మొదట తిరుగుబాటునో శత్రువుల దాడినో అనుమానించారు. అయితే గట్టి రాతిలో అన్ని గుంటలు తొలచడం కోపంతో ఊగిపోయే గుంపు చేసే పని కాదు, అది తీరికగా, కొలత ప్రకారం జరిగిన పని. ఆ రాళ్లలో కొన్నింటిని ఆ తరువాత పాతిపెట్టారు కూడా. ఏలిక మరణించినప్పుడు ఆయన శక్తి నిలిచిన రాతిని ఊరికే వదిలేయడం ప్రమాదమని భావించి, క్రతువు ప్రకారం దాని బలం తీసేసేవారన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పైన చెప్పిన తిరిగి మలచే పని కూడా కొన్ని గాయాలకు కారణం.

పాతిపెట్టడం అనగానే ఓటమి గుర్తుకు రావచ్చు గాని, లా వెంటాలో అది అర్పణ. అక్కడ పచ్చని సర్పెంటైన్ రాతి పలకలు, ఒక్కొక్క దానికి సుమారు 485, నేల మీద పేర్చి ముఖంవంటి పెద్ద ఆకారం తీర్చి, వెంటనే రంగుమట్టితో కప్పేశారు. అటువంటివి మూడు దొరికాయి. జనం చూసి ఆనందించడానికి చేసినవి కావు అవి. అదే చోట 1955లో బయటపడిన నాలుగో నిక్షేపం ఇంకా విచిత్రమైనది. అందులో 16 చిన్న విగ్రహాలను, 6 నిలువు గొడ్డలిరాళ్లను ఒక సభలా నిలబెట్టి, పూడ్చి, పైన నేలలు వేశారు. కొంతకాలం తరువాత ఎవరో సరిగ్గా వాటి తలల వరకే గొయ్యి తవ్వి, చూసి, ఏదీ కదపకుండా మళ్లీ పూడ్చారు. పైన ఏ గుర్తూ లేకుండా ఆ చోటు తప్పకుండా కనుక్కున్నారంటే, పాతిన సంగతి వారి జ్ఞాపకంలో ఎంత భద్రంగా ఉన్నదో ఆలోచించండి.

స్పెయిన్ వారి వంతు తరువాత రానే వచ్చింది. బొలీవియాలోని తివనాకులో పోన్సే నిలువురాయి భుజం మీద ఒక శిలువ గుర్తు చెక్కి ఉంది. విగ్రహంలోని దయ్యాన్ని వెళ్లగొట్టామని నమ్మినవారి పని అది. ఒకరు బలం తీయడానికి గుంట తొలిచారు, మరొకరు శిలువ గీశారు. రాతిలో ఏదో ఉన్నదని ఇద్దరూ నమ్మారు.

ప్రశ్న: అజ్టెక్‌ల అమ్మవారు కోట్లిక్వే విగ్రహం ఫోటో చూశాను. మా గ్రామదేవతలూ భీకరంగానే ఉంటారు గాని, తల స్థానంలో రెండు పాములున్న తల్లిని ఎక్కడా చూడలేదు. ఆ రూపానికి అర్థమేమిటి?
– ఒక పాఠకురాలు, కడప

అజ్టెక్‌లు స్పెయిన్ వారు వచ్చేనాటికి మెక్సికోలో రాజ్యమేలినవారు. రెండున్నర మీటర్లకు మించిన ఆ రాయి 1790 ఆగస్టు 13న మెక్సికో నగరపు పెద్ద కూడలిలో నేల చదును చేస్తుండగా బయటపడింది. అల్లుకున్న పాములే ఆమె చీర. మెడలో తెగిన చేతులు, గుండెలు గుచ్చిన హారం, దానికి పుర్రె పతకం. తల నరికిన మెడ నుంచి చిమ్మిన నెత్తుటి ధారలు రెండు పాములై ఎదురెదురుగా నిలిచాయి. ఆ రెండు పాముల పక్కముఖాలూ కలిసి ఎదుట ఒక ముఖంలా కనిపిస్తాయి. ఆమె నేల తల్లి. పంటనూ మనుషులనూ కనేదీ ఆమె, చివరికి అందరినీ మింగేదీ ఆమె. ఇంతవరకు ఏ మ్యూజియం పలక చదివినా తెలుస్తుంది.

నన్ను ఆలోచింపజేసేది ఆ రాతి అడుగుభాగం. విగ్రహాన్ని నిలబెడితే మట్టిని అంటుకొని, మనిషి కంటికి ఎన్నటికీ కనిపించని ఆ అడుగున కూడా భూదేవత ఆకారాన్ని శ్రద్ధగా చెక్కారు. అజ్టెక్ శిల్పాలలో ఇది ఒక్కచోటి సంగతి కాదు, అడుగున చెక్కడం వారి ఆనవాయితీ. ఆ చెక్కడం భూమి కోసం. భూమి తన మీద నిలిచిన రాతిని తాకి తెలుసుకోవాలి. మన కోసమే చెక్కారనుకొని మ్యూజియంలో ముందు నిలబడి చూసేవారికి దొరికేది ఆ శిల్పంలో ఒక పక్కే.

ఆమె కూతురు కొయొల్‌షౌకీ కథ కూడా ఇక్కడే చెప్పాలి. కోట్లిక్వే సర్పగిరి మీద గుడి ఊడుస్తుండగా పైనుంచి పడిన ఈకల ఉండను కొంగున దోపుకొని గర్భవతి అయింది. అది అవమానమని తలచి కొయొల్‌షౌకీ తన 400 మంది తమ్ముళ్లతో తల్లిని చంపడానికి కొండ ఎక్కింది. ఆ క్షణంలోనే తల్లి కడుపునుంచి ఆయుధాలతో పుట్టిన యుద్ధదేవుడు విట్జిలోపోచ్ట్లి అక్క తల నరికి, ఒళ్లు ముక్కలై దొర్లేలా కొండ మీదినుంచి కిందికి తోశాడు. 1978 ఫిబ్రవరి 21న విద్యుత్తు కేబుల్ కోసం తవ్వుతున్న కూలీల పారలకు తగిలిన గుండ్రని రాయి మీద ఉన్నది ఆమే; చేతులు, కాళ్లు, తల వేరై పడివున్న ఆ రూపం 3 మీటర్లకు పైగా వ్యాసంతో, సుమారు 8 టన్నుల బరువుతో ఉంది. అది దొరికిన చోటు అజ్టెక్ రాజధానిలోని మహాదేవాలయంలో విట్జిలోపోచ్ట్లి గుడి మెట్ల పాదం. పైన బలి ఇచ్చినవారి దేహాలు అవే మెట్ల మీదుగా దొర్లి ఆమె మీదికి వచ్చి పడేవి. అంటే ఆ దేవాలయమే సర్పగిరి, ప్రతి బలీ ఆ కథే. ఆ రాతిని మెట్ల కింది నుంచి తీసి గోడకు తగిలిస్తే అది అందమైన శిల్పం మాత్రమే అవుతుంది. ఆ రాయి దొరికిన తరువాతే పురాతత్వవేత్త ఎదువార్దో మాతోస్ మొక్తెసుమా నాయకత్వంలో మహాదేవాలయపు తవ్వకాలు పెద్ద ఎత్తున సాగాయి.

మళ్లీ తల్లి దగ్గరికి వస్తే, 1790లో విగ్రహాన్ని విశ్వవిద్యాలయానికి తరలించారు. కొద్దికాలానికే అక్కడికి స్థానిక ఆదివాసులు కొవ్వొత్తులతో, కానుకలతో రావడం మొదలైంది. రెండున్నర శతాబ్దాల క్రైస్తవం తరువాత కూడా ఇలా జరగడం చూసి అధికారులకు భయం పుట్టి, ఆమెను తిరిగి పాతిపెట్టారు. 1803లో యాత్రికుడు హంబోల్ట్ కోరిక మీద తవ్వి చూపించి, మళ్లీ పూడ్చారు. మెక్సికో స్వతంత్రమయ్యాకే ఆమె శాశ్వతంగా వెలుగులోకి వచ్చింది. సందర్శకులకు ఆమె కళాఖండం, పూజారికి విగ్రహం, అధికారికి ప్రమాదం.

ప్రశ్న: మాయా రాణి నాలుకకు తాడు దూర్చుకొంటున్న శిల్పం నిజంగా జరిగిన దాన్ని చూపిస్తోందా? అంత క్రూరమైన ఆచారాన్ని రాతిలో చెక్కి మరీ ఎందుకు నిలబెట్టుకున్నారు?
– ఉపాధ్యాయిని, జమ్మలమడుగు

మీరు చెబుతున్నది మెక్సికోలోని యాష్‌చిలాన్ అనే మాయా నగరంలోని 24వ సంఖ్య గల ద్వారం పైకమ్మి. ప్రస్తుతం అది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సున్నపురాతి మీద చెక్కిన ఆ దృశ్యం క్రీస్తుశకం 709 నాటి క్రతువును చూపుతుంది. రాజు, ఇత్సమ్‌నాహ్ బహ్లమ్, మండే కాగడా ఎత్తి పట్టుకొని ఉంటాడు. రాణి కబల్ షోక్ మోకరిల్లి ముళ్లు గుచ్చిన తాడును నాలుకలోనుంచి లాగుతుంటుంది. ఆమె ముందున్న బుట్టలో నెత్తుటి చుక్కలు పడిన కాగితపు ముక్కలు ఉంటాయి. పేర్లు, తేదీ పక్కనే లిపిలో ఉన్నాయి కనుక దీన్ని కల్పన అనుకోనక్కరలేదు. రాజులకూ మినహాయింపు లేదు; వారు ముళ్లతోనూ, సముద్రపు చేప తోకలో ఉండే పదునైన ఎముకతోనూ మర్మాంగం గుచ్చుకొని రక్తం అర్పించేవారు.

కారణం వారి సృష్టికథలలో ఉంది. దేవతలు తమను తాము ఖర్చు చేసుకొని మనుషులను చేశారు, సూర్యుణ్ణి నడిపించారు. ఆ అప్పు తీర్చవలసినవారు మనుషులు. అజ్టెక్‌లు బలిని అప్పు తీర్చడంగానే చెప్పుకునేవారు. అప్పులో పెద్ద వాటా పెద్దింటివారిదే అవుతుంది. అందుకే సామాన్యులు కాక రాణి స్వయంగా నాలుక చీల్చుకుంది. రక్తంలో తడిసిన కాగితాన్ని పాత్రలో కాల్చితే లేచే పొగలోనుంచి పూర్వీకులు దర్శనమిస్తారని నమ్మకం. ఆ పక్క వాకిలి మీదున్న 25వ పైకమ్మిలో సరిగ్గా అదే కనిపిస్తుంది: పాత్రలోనుంచి మహాసర్పం లేస్తుంది, దాని నోట్లోనుంచి ఈటె పట్టిన వీరుడు బయటికి వస్తాడు, కింద రాణి తలెత్తి చూస్తుంటుంది.

ఈ రాళ్లు రాణిగారి సొంత భవనపు వాకిళ్ల మీదివి అన్న సంగతిని చాలామంది వదిలేస్తారు. గడప దాటేటప్పుడు తల పైకెత్తితేనే ఆ దృశ్యం కనిపిస్తుంది. ఈ ఇంటి అధికారం ఏ వెల చెల్లించి వచ్చిందో లోపలికి అడుగుపెట్టే ప్రతివాడికీ అక్కడే చెబుతున్నట్టు.

క్రూరమన్నారు. మన ప్రాంతపు శ్రీశైలంలోనే 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం ఉండేది. భక్తవీరులు అక్కడ తలలూ నాలుకలూ కోసి శివుడికి అర్పించేవారని శాసనమే చెబుతోంది. రెండు చోట్లా అర్పణ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు, శ్రీశైలంలో అది మోక్షం కోసం, యాష్‌చిలాన్‌లో అది రాజ్యం కోసం. మాయా వారు మాత్రమే ఇటువంటి పని చేశారన్న విడ్డూరం మాత్రం తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: అజ్టెక్ సూర్యశిల క్యాలెండరా? అందులోనే 2012 ప్రళయం రాసి ఉందని అప్పట్లో టీవీల్లో చెప్పారు.
– విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

రెండూ కావు. 2012 సంగతి మాయా వారి దీర్ఘగణనకు, అంటే రోజులను వరుసగా లెక్కపెట్టే వారి పద్ధతికి సంబంధించినది; టీవీలో చూపించింది మాత్రం అజ్టెక్ రాయి. రెండింటికీ మధ్య దూరమూ ఉంది, కొన్ని వందల ఏళ్లూ ఉన్నాయి. మాయా లెక్కలో కూడా అది ఒక పెద్ద చుట్టు పూర్తయ్యే రోజే తప్ప ప్రళయం కాదు.

సూర్యశిల 1790 డిసెంబరు 17న దొరికింది. వ్యాసం సుమారు 3.6 మీటర్లు, బరువు 24 టన్నులకు పైగా. నడిమి ముఖం చుట్టూ ఉన్న నాలుగు గదులు ఇంతకుముందు గతించిన నాలుగు సృష్టులకు గుర్తులు. వాటిని జాగ్వార్ అనే పులి, గాలి, నిప్పుల వాన, నీరు అంతం చేశాయి. మొత్తం కలిసి ఐదో సృష్టి, అంటే మనది, భూకంపంతో ముగిసే దినపు పేరును సూచిస్తాయి. చుట్టూ 20 దినచిహ్నాలు ఉన్నాయి గాని, ఆ రాతితో తేదీ లెక్కించడం కుదరదు. ఇది నేల మీద పడుకోబెట్టి ఉంచడానికి, బలి క్రతువుకు చెక్కిన రాయి అని చాలామంది పండితుల అభిప్రాయం. మొదట చర్చి గోడకు నిలువుగా ఆనించడం వల్ల, అలాగే మ్యూజియంలోనూ నిలబెట్టడం వల్ల అది గడియారం ముఖంలా కనిపించడం మొదలైంది.

ప్రశ్న: హోండురాస్‌లోని కోపాన్‌లో ఏనుగు తొండాలు, వాటి మీద మావటీలు చెక్కిన నిలువురాయి ఉందట. మన శిల్పులు అక్కడికి వెళ్లి ఉంటారా?
– వ్యాపారి, ప్రొద్దుటూరు

ఆ మాట గట్టిగా అన్నవాడు గ్రాఫ్టన్ ఇలియట్ స్మిత్ అనే శరీరశాస్త్రవేత్త, 1924లో. ఆ రాయిని 'స్తంభం బి' అంటారు. పై మూలల్లో వంగిన పొడవాటి ముక్కులు కనిపించే మాట నిజమే. అవి మకావ్ అనే పెద్ద చిలుకలవి. రాయి మీది లిపే ఆ స్థలాన్ని మకావ్ పర్వతమని పేర్కొంటోంది. చిలుకలు ఆ అడవుల్లో ఇప్పటికీ ఎగురుతున్నాయి, ఏనుగులు లేవు.

ఆ రాతి అసలు కథ మన ఏనుగుకంటే బాగుంటుంది. కోపాన్ 13వ రాజు దాన్ని క్రీస్తుశకం 731లో నిలబెట్టాడు. అది మాయా గణనలో ఒక కాలఖండం ముగిసిన సందర్భం. 7,200 రోజుల అటువంటి కాలఖండం పూర్తయినప్పుడు రాజు రాయి నాటి, ధూపం వేసి, తన రక్తం చిలకరించి, ఆ రాతిని వస్త్రంతోనో తాడుతోనో కట్టే క్రతువు చేసేవాడు. రాయి కింద శిలువ ఆకారపు చిన్న గది కట్టి అందులో కానుకలు పెట్టేవారు. దాంతో కాలం నిలబడి, కొత్త చుట్టు మొదలవుతుంది. రాజు లేకపోతే కాలం కదలదన్న భావన అది. 1960కి ముందు ఈ రాళ్ల మీది బొమ్మలను పూజారులనో దేవతలనో అనుకునేవారు. మాయా పరిశోధకురాలు తాతియానా ప్రోస్కురియాకోవ్ పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరపు రాళ్లలోని తేదీలను వరుసగా చూసి, అవి రాజుల పుట్టుక, పట్టాభిషేకాల తేదీలని నిరూపించింది. స్తంభం బి నిలబెట్టిన రాజును 738లో పక్కనున్న కిరిగువా అనే మాయా నగరపు పాలకుడు పట్టి తల నరికించాడు. అదే కిరిగువా వారు 771లో నిలబెట్టిన రాయి మాయా వారి నిలువురాళ్లన్నింటిలోకి ఎత్తైనది, భూమిలో పాతిన భాగంతో కలిపి 10 మీటర్లకు పైన. ఆ గెలుపు ఎంత గొప్పదో ఆ రాయే చెబుతుంది.

ప్రశ్న: పెరూలోని చావిన్ గుడిలో దేవుణ్ణి చీకటి గదిలో ఎందుకు పెట్టారు? మన గర్భగుడిలాంటిదేనా?
– చరిత్ర విద్యార్థిని, అనంతపురం

చూడటానికి పోలిక ఉంది, తేడా పెద్దది. గర్భగుడి ఎదుట నిలబడితే దీపం వెలుగులో మూలవిరాట్టు దర్శనమవుతుంది. 3,000 మీటర్లకు మించిన ఎత్తులో ఉన్న చావిన్ దె వాంతార్‌లో లాన్‌సోన్ అనే గ్రానైటు రాయి 4.5 మీటర్ల ఎత్తుతో, నేల నుంచి పైకప్పు దాకా ఇరికించినట్లు నిలబడి ఉంటుంది. దారి శిలువ ఆకారపు ఇరుకైన సందు. ఎక్కడ నిలబడినా మొత్తం రాయి ఒక్కసారిగా కనిపించదు. దివిటీ కదులుతుంటే ఒకసారి కోర, ఒకసారి పాము జుట్టు, ఒకసారి ఎత్తిన చెయ్యి. కన్ను వాటిని కలుపుకోలేక తికమకపడుతుంది. ఆ తికమక శిల్పి కోరుకున్నదే అని నేను నమ్ముతాను.

ఇందుకు చుట్టూ ఉన్న ఏర్పాట్లు సాక్ష్యం. 2001లో ఒక సందులో 20 శంఖాలు దొరికాయి. ఊది ఊది అరిగిన ఆ శంఖాల మీద బొమ్మలు గీసి ఉన్నాయి. సముద్రం అక్కడికి దగ్గర కాదు. వాటిని దూరం నుంచి తెచ్చారు. ఆ రాతి సందుల్లో శంఖం ఊదితే శబ్దం ఎటునుంచి వస్తున్నదో తెలియదు. కట్టడం అడుగున నీటి కాలువలు పరిచి ఉన్నాయి. పురాతత్వవేత్త లూయిస్ లుంబ్రేరాస్ బృందం 1970లలో వాటిలోకి నీళ్లు వదిలి చూస్తే గుడంతా గర్జించింది. వర్తులాకారపు మైదానం గోడ మీద శాన్ పెద్రో అనే నాగజెముడు కాండాన్ని పట్టుకొని నడుస్తున్న మూర్తి ఉంది. ఆ మొక్కలో మత్తు పదార్థం ఉంది. గుడి వెలుపలి గోడల మీద ఉబుకుతున్న తలలను వరుసగా చూస్తే మనిషి ముఖం మెల్లగా కోరల మృగంగా మారిపోతుంది. కొన్నింటికి ముక్కులోనుంచి చీమిడి కారుతుంటుంది, అది మత్తు పీల్చినవారి లక్షణం. వెలుపల ఆ తలలు చూసి, మత్తులో, శంఖనాదం మధ్య, చీకట్లో లాన్‌సోన్ ముందుకు వచ్చిన మనిషి ఎటువంటి స్థితిలో ఉంటాడో మీరే ఊహించండి. ఆ రాతి పైభాగాన తలమీదికి దిగే సన్నని గాడి ఉంది. పై అంతస్తు నుంచి దాని మీదుగా ద్రవం పోసేవారన్నది పలువురి అభిప్రాయం. కింద నిలబడినవాడికి పోసే చెయ్యి కనిపించదు.

ప్రశ్న: బొడ్రాయిలాగా, పొలానికీ పంటకూ సంబంధించిన రాళ్లు అక్కడ ఉండేవా?
– రైతు, కళ్యాణదుర్గం

చాలా ఉండేవి. కరీబియన్ దీవుల్లోని తైనో ప్రజలు మూడు కొనలున్న చిన్న రాళ్లను పవిత్రంగా చూసుకునేవారు. అవి కర్రపెండలం బాగా ఎదగడానికి తోడ్పడతాయని వారు నమ్మేవారని, కొలంబస్ ఆదేశం మీద వారి మధ్య బతికిన రమోన్ పానే 1490లలోనే రాశాడు. ఆండీస్ కొండల్లో పొలాల మధ్య, ఊరి మధ్య పొడవాటి నిలువురాళ్లు ఉండేవి. ఆ భూమిని మొదట సాగుచేసిన పూర్వీకుడే రాయిగా మారాడని నమ్మి, విత్తనం వేసే ముందు దానికి మొక్కజొన్న కల్లు పోసేవారు. 17వ శతాబ్దంలో చర్చి ఇటువంటి రాళ్లను వెతికి పగలగొట్టించింది, చాలాచోట్ల వాటి స్థానంలో శిలువలు నాటింది.

మీకు ప్రత్యేకంగా చెప్పవలసింది మరొకటి. చావిన్‌లోనే దొరికిన తెల్యో స్తంభం రెండున్నర మీటర్ల ఎత్తున్న గ్రానైటు రాయి. దాని మీద జంట మొసళ్లు, వాటి ఒంటి నుంచి మొలుస్తున్న మొక్కలు ఉన్నాయి. పురాతత్వవేత్త డోనాల్డ్ లాత్‌రాప్ 1973లో వాటిని ఒక్కొక్కటిగా గుర్తించి, కర్రపెండలం, మిరప, సొరకాయ, వాటితోపాటు వేరుశనగ అని తేల్చాడు. ఎత్తైన ఆ కొండ మీద మొసలి లేదు, ఈ పంటల్లో చాలావరకు పండవు. అవి దిగువనున్న వేడి అడవులవి. తమ పూర్వీకులకు ఈ పంటలను ఇచ్చినది ఆ మొసలి అని గుడి చెబుతోందని ఆయన వివరణ. మీ పొలంలోని శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. సముద్రం దాటి మన నేలకు వచ్చింది 16వ శతాబ్దం తరువాతే. అంతకు రెండువేల ఏళ్ల ముందే దాన్ని ఒక దేవతామృగం ఒంటి మీద చెక్కి, గుడిలో నిలబెట్టారు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి మెక్సికో వెళ్లినప్పుడు వెల్లకిలా పడుకున్న మనిషి బొమ్మ తెచ్చాడు. పొట్ట మీద చిన్న గిన్నె ఉంది. పూజగదిలో పెట్టవచ్చా?
– గృహిణి, గుత్తి

దాన్ని చాక్‌మోల్ అంటారు. ఆ పేరు పెట్టింది 1875లో చీచెన్ ఇత్సా అనే మాయా నగరంలో ఒకదాన్ని తవ్వితీసిన ఒగస్త్ లె ప్లోంజోన్, ప్రాచీనులు దాన్ని ఏమని పిలిచారో ఆ పేరుకు సంబంధం లేదు. అది స్వయంగా దేవుడు కాదు, దేవుడికిచ్చేది పుచ్చుకునే పరిచారకుడు. మెక్సికో మహాదేవాలయంలో వానదేవుడి గుడి గుమ్మం ముందు రంగులతో సహా మిగిలివున్న అటువంటి బొమ్మ ఒకటి ఉంది. పొట్ట మీది గిన్నెలో నైవేద్యం పెట్టేవారు, కొన్ని సందర్భాలలో బలి ఇచ్చినవారి గుండె కూడా. ఆ లెక్కన దాని స్థానం పూజగది లోపల కాదు, వాకిలి దగ్గర. ముందుగదిలో పెట్టుకోండి, గిన్నెలో తాళంచెవులు వేసుకోవచ్చు.